చలి పొద్దు చిన్నది, కుట్టుపని పెద్దది

పాడేరు, చింతపల్లి మన్యంలో డిసెంబరు, జనవరి నెలల్లో రాత్రి చలి 10 డిగ్రీల లోపుకు దిగడం కొత్తేమీ కాదు. సరిగ్గా ఆ రోజుల్లోనే సంక్రాంతి బట్టలు కుట్టుమిషను ముందు గుట్టపడతాయి. పండుగలోపు కుట్టి ఇస్తేనే కూలి చేతికొస్తుంది. వంట, పశువులు, చంటిబిడ్డ పాలు అయ్యేసరికి పొద్దు వాలుతుంది. ఇక మిషను తొక్కేది రాత్రిపూటే.

ముప్పు అక్కడే ఉంది. చలికి తలుపులు బిగించి, బొగ్గుల కుంపటి పెట్టుకుని, పక్కనే బిడ్డను పడుకోబెట్టి కుట్టే తల్లులున్నారు. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ వాయువుకు రంగూ లేదు, వాసనా లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. కుంపటి గడప బయటే ఉండాలి. బిడ్డకు తలకు టోపీ, కాళ్లకు మేజోళ్లు, కింద పాత నూలుచీరల బొంత చాలు. దుప్పటి ముఖం మీదకు రానీయరాదు. అన్నిటికన్నా వెచ్చన తల్లి ఒడే.

కత్తిరింపు, మిషను పని పగటి ఎండలో వసారాలో ముగించుకుని, కాజాలు, గుండీలు రాత్రికి ఉంచుకోవచ్చు. మిషనుకు కొబ్బరినూనె వద్దు. చలికి గడ్డకట్టి చక్రం బరువెక్కుతుంది. మిషను నూనె రెండు చుక్కలు చాలు. సూదులు, కత్తెర బిడ్డ చేతికందని చోట ఉండాలి.

ఆరు నెలలదాకా బిడ్డకు తల్లిపాలే ఆహారం. ఏడ్చినప్పుడల్లా మిషను ఆగక తప్పదు. కనుక నీళ్లు తేవడం, పొయ్యి రాజేయడం, బిడ్డను ఎత్తుకోవడం ఇంట్లో మగవారూ పంచుకోవాలి. కుట్టుకూలితో ఇల్లంతా తింటున్నప్పుడు ఇంటి చాకిరీ మాత్రం ఆమె ఒక్కదానిదేనా?