సావిట్లో నరసాపురం

సంక్రాంతికి బొమ్మలకొలువు పెట్టే ఇళ్ళల్లో పెరిగినవాళ్ళకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. మెట్లమీద దేవుళ్ళూ, కొండపల్లి అంబారీ ఏనుగూ, ఏటికొప్పాక లక్కపిడతలూ కొలువుతీరితే, కింద నేలంతా పిల్లల రాజ్యం. ఇసక పోసి, పళ్ళెంలో మొలిపించిన మెంతులు తెచ్చి వరిచేలని పేర్చి, ముఖం చూసుకునే అద్దాన్ని చెరువు చేసి, వాటి చుట్టూ కీ ఇస్తే తిరిగే రేకు రైలుకు పట్టాలు పరిచేవాళ్ళం. రెండు చుట్లు తిరిగి రైలు మెంతిచేలో పడేది. లేవనెత్తి మళ్ళీ కీ ఇచ్చేవాళ్ళం.

ఆ సరదా చాలామందికి పదేళ్ళు వచ్చేసరికి వదులుతుంది. మా చిన్నబావగారికి డెబ్భై దాటినా వదల్లేదు. డ్రాయింగు మాస్టారుగా రిటైరయి నరసాపురంలో ఇల్లు కట్టుకున్నాక, ఆయన ముందు సావిడి పొడుగునా బల్లలు వేయించి, వాటిమీద నరసాపురాన్నే కట్టటం మొదలుపెట్టారు. స్టేషనూ, కాలవా, కొబ్బరితోటలూ, రేవూ, మధ్యన నడిచే రైలూ. నాలుగేళ్ళయింది. సెలవలకు వెళ్ళినప్పుడల్లా నేను ఆయన కింద కూలిపని చేశాను గనక అందులోని కిటుకులు కొన్ని చెప్పగలను. అంతకంటే, ఆ ఇంట్లో వంతెన గురించి వచ్చిన తగాదా చెప్పాలని ఉంది.

ముందు కొలత సంగతి. బొమ్మరైళ్ళు ఎక్కువగా సీమదేశాల రైళ్ళను చూసి చేసినవే. అక్కడి రైలుపట్టాల మధ్య ఎడం నాలుగడుగుల ఎనిమిదిన్నర అంగుళాలు. మన బ్రాడ్‌గేజి ఎడం ఐదడుగుల ఆరంగుళాలు. అందుచేత వాళ్ళ పట్టాల మీద వాళ్ళ కొలతకే మన పెట్టెను చేసి నిలబెడితే, చిన్న పీటమీద పెద్దమనిషిని కూర్చోబెట్టినట్టుంటుంది. దీనికి బావగారు కనిపెట్టిన ఉపాయం తేలిక. పట్టాలు కొనేవి, వాటిని మార్చలేం. కనక లోకాన్నే వాటికి సరిపడా తగ్గించుకోవాలి. ఆయన కొన్నవి 45 మిల్లీమీటర్ల ఎడం ఉన్న పెద్దరకం పట్టాలు. మన బ్రాడ్‌గేజి 1,676 మిల్లీమీటర్లు. భాగిస్తే ముప్ఫైఏడో వంతు వచ్చింది. ఇక సావిట్లో ఏది చేసినా అసలులో ముప్ఫైఏడో వంతే.

ఇందులో ఒక తమాషా ఉంది. ఐదడుగుల ఆరంగుళాలంటే ఓ మోస్తరు మనిషి నిలువెత్తు. అంటే ఏ కొలతలో కట్టినా, బొమ్మ మనిషిని పట్టాల మధ్య అడ్డంగా పడుకోబెడితే తలా కాళ్ళూ అటూ ఇటూ సరిగ్గా తగలాలి. ఈ ఒక్క గుర్తుంటే స్కేలుబద్ద అక్కరలేదు. బజారులో కొన్న ఆవు బొమ్మ నప్పుతుందో లేదో, పోర్టరు తలమీద పెట్టె మరీ పెద్దదో కాదో, కంటితోనే తేలిపోతుంది. బావగారు మాత్రం చొక్కా జేబులో ఓ పోర్టరు బొమ్మను వేసుకుని తిరుగుతూంటారు. బజారుకు వెళ్ళినా అంతే.

ఆ లెక్కన అరవయ్యడుగుల కొబ్బరిచెట్టు అర మీటరు పొడుగు. ఒక్కొక్క రైలుపెట్టె యాభైఎనిమిది సెంటీమీటర్లు. ఇంతవరకూ బాగానే ఉంది. నరసాపురం నుంచి పాలకొల్లు సుమారు పది కిలోమీటర్లు. దాన్ని ముప్ఫైఏడుతో భాగించినా రెండువందల డెబ్భై మీటర్లొస్తుంది! సావిడి ఉన్నది ఎనిమిది మీటర్లు. కనక వస్తువులను కొలత ప్రకారం చెయ్యాలి, దూరాలను నిర్దాక్షిణ్యంగా మింగెయ్యాలి. మా బల్లమీద స్టేషను దాటిన రెండు గజాలకే పొలాలు వస్తాయి. స్టేషనుకూ మాధవాయపాలెం రేవుకూ మధ్య ఉన్న ఊరంతా బల్లకిందికి పోయింది. బండికి మూడే పెట్టెలు. అయినా చూసేవాడు నమ్ముతాడు. ఎందుకు నమ్ముతాడంటే, దృశ్యం కట్టటంలో ఉంది అసలు విద్య అంతా.

జర్మనీలో హాంబర్గు నగరంలో 2001లో తెరిచిన ప్రదర్శనశాల ఒకటి ఉంది. బ్రౌన్ అనే అన్నదమ్ములు మొదలుపెట్టింది. ఎనభైఏడో వంతు కొలతలో కొండలూ, పట్టణాలూ, చివరికి విమానాశ్రయంతో సహా కట్టారు. మన దేశంలో పుణేలో జోషీగారి చిన్నరైళ్ళ మ్యూజియం 1998 నుంచీ ఉంది. ఇలాంటివి ఫొటోల్లో చూసి బావగారు నేర్చుకున్నవి కొన్ని. కాని ఒక చిక్కు. వాళ్ళ పుస్తకాల్లో మొదటి పాఠం కొండ కట్టటం. రైలును దాచాలంటే సొరంగంలోకి పంపటం. మన డెల్టాలో కొండేదీ? సొరంగమేదీ?

డెల్టా అంటే బల్లపరుపు నేల కదా, ప్లైవుడ్డుకు పచ్చరంగు కొడితే సరిపోతుందని నేనన్నాను. ఆయన నన్ను వెంటబెట్టుకుని ఊరి బయటకు తీసుకుపోయి కాలవగట్టుమీద నిలబెట్టారు. అప్పుడు చూశాను. కాలవ పైన ఉంది, చేలు కింద ఉన్నాయి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన కాటన్ దొర కాలవలను మెరకమీదుగా నడిపించాడు. అలా అయితేనే నీరు తనంతట తాను రెండువైపులా చేలల్లోకి దిగుతుంది. మురుగుకాలవలు మాత్రం పల్లంలో పోతాయి. రైలుకట్ట వీటన్నిటికంటే ఎత్తు. కట్ట కోసం మట్టి తవ్విన గోతులు కట్టవెంబడే ఉంటాయి. వాటినిండా నీళ్ళు, కలవలు, గుర్రపుడెక్క. ఎత్తుపల్లాల తేడా నిజంగా నాలుగైదడుగులే, బల్లమీద నాలుగు సెంటీమీటర్లు. ఆ నాలుగు సెంటీమీటర్లు లేకపోతే అది డెల్టా కాదు. ఏ ఊరూ కాదు. నేను వేసిన పచ్చరంగు ప్లైవుడ్డు ఇప్పుడు పెరట్లో కోళ్ళగూటికి తలుపు.

రంగు విషయంలోనూ నాకు గుణపాఠమే. కోనసీమ పక్కనున్న ఊరు కదా అని అంతటా ఆకుపచ్చ పులమబోయాను. “ఏ నెల అనుకుని వేస్తున్నావోయ్?” అన్నారు బావగారు. సంక్రాంతి రోజులని నిశ్చయించారు ఆయన. సంక్రాంతికి సార్వా కోతలైపోయి మోళ్ళు గోధుమరంగులో ఉంటాయి. గడ్డిమేట్లు వేసి ఉంటాయి. దాళ్వా నారుమళ్ళు మాత్రం కళ్ళు చెదిరే పచ్చగా అక్కడొక ముక్క, ఇక్కడొక ముక్క. దమ్ముచేసిన మడి నల్లగా, పైన పల్చగా నీరు. ఇన్ని రంగులు పక్కపక్కన పడ్డాక ఆ కాస్త పచ్చదనమే వందెకరాల పచ్చదనంలా కనిపించింది. మెంతిమొలకల ముచ్చట కూడా అక్కడే తీరిపోయింది. రెండంగుళాల మొలకంటే మా కొలతలో ఆరడుగుల పైమాట. ఆ చేలో రైతు కనపడడు.

మోళ్ళకు కొబ్బరిపీచు కత్తిరించి జిగురులో నాటాం. కొబ్బరిచెట్టు మానుకు ఈనెలు నాలుగు కట్టగట్టి దారం చుట్టి రంగువేశాం. మట్టకు సన్నని తీగ, దానికి రెండుపక్కలా కత్తెరతో దువ్వెనలా కోసిన కాగితం. ఒక్కొక్క చెట్టుకు పాతికదాకా మట్టలు. డెబ్భై చెట్లు! లెక్క మీరే వేసుకోండి. ఆ పని చిన్నక్కయ్యదీ, పక్కింటి ఆడపిల్లలదీ. నరసాపురం లేసు అల్లికలకు ఎప్పుడో పంతొమ్మిదో శతాబ్దంలో వచ్చిన మిషనరీల నాటి నుంచీ పేరున్న ఊరు. 2024లో ఆ లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ వేళ్ళకు ఈ కాగితం మట్టలు ఒక లెక్కా? మిగిలిన లేసుదారంతో రేవులో ఆరేసిన వలలు కూడా అల్లిపెట్టారు. సావిడికి వచ్చినవాళ్ళు రైలుకంటే ముందు ఆ వలలనే వంగి చూస్తారు.

మనుషుల్ని చెయ్యటానికి కొండపల్లివారి పద్ధతే శరణ్యం. వాళ్ళు తెల్లపొణికి కర్రతో బొమ్మ చెక్కి, చింతగింజల పిండీ రంపంపొట్టూ కలిపిన మక్కుతో చేతులూ కాళ్ళూ అతుకుతారు. మా పోర్టరూ, టీ అమ్మే కుర్రాడూ, నీళ్ళబిందెతో నిలబడ్డ మనిషీ అలా పుట్టినవాళ్ళే. వాళ్ళకు కళ్ళూ ముక్కూ పెట్టకండి. అంత చిన్న మొహంమీద కళ్ళు పెడితే దెయ్యంలా ఉంటుంది. నడుం వంపు సరిగా ఉంటే చాలు, మనిషి తెలిసిపోతాడు.

పట్టాల కింద కంకర మాట చెప్పనా? రెండంగుళాల రాయి మా కొలతలో ఒకటిన్నర మిల్లీమీటరు. వంటింట్లో ఇడ్లీరవ్వ సరిగ్గా ఆ బాపతు. రంగు కలిపి పోసి, ఎంత బాగుందో అని మురిసిపోయి పడుకున్నాం. తెల్లవారేసరికి స్టేషను నుంచి పొలాలదాకా చీమల బారు, బండికంటే నియమంగా నడుస్తోంది! అంతా ఊడ్చేసి, గ్రానైటుపొడిని రెండు జల్లెళ్ళు పట్టి, పరిచి, నీళ్ళల్లో కలిపిన ఫెవికాల్‌లో ఒక్క సబ్బుచుక్క వేసి చుక్కమందు గొట్టంతో పోశాం. ఆ సబ్బుచుక్క లేకపోతే జిగురు ముత్యంలా పైనే నిలుస్తుంది గాని లోపలికి దిగదు. పట్టాల పక్కలకు తుప్పురంగు వెయ్యాలి. పైఅంచు మాత్రం గుడ్డతో తుడుస్తూ ఉండాలి. కరెంటు దాని మీదుగానే ఇంజనుకు అందుతుంది, ఈ సముద్రపుగాలికి అదేమో రోజూ మసకేస్తుంది.

సొరంగం లేని దేశంలో రైలును ఎక్కడికి పంపాలి? పక్కగదిలోకే. గోడకు కంత చేయించారు. కంతకు ముందు రైసుమిల్లు గోడ, పొగగొట్టం, రెండు మర్రిచెట్లు. బండి మిల్లు వెనక్కు వెళుతుంది, మాయమవుతుంది. పక్కగదిలో మనవడు కాచుకుని ఉంటాడు. ఇంజనును చేత్తో ఎత్తి రెండో కొసన తగిలించి మళ్ళీ పంపుతాడు. సావిట్లో కూర్చున్నవాళ్ళకు అది పాలకొల్లు వెళ్ళి వచ్చినట్టే. నాటకాల్లో తెరవెనక పెట్రోమాక్సు లైటు పట్టుకున్నవాడికి ఉండే గర్వం వాడి మొహంలో ఉంటుంది.

ఇక నది. అద్దం పెడదామన్నవాణ్ణి నేనే. పెట్టి చూస్తే వసిష్ఠగోదావరిలో మా సావిడి దూలాలూ, సీలింగుఫ్యానూ తిరుగుతూ కనిపించాయి. తీసేశారు. ప్లైవుడ్డుమీదే ఒడ్డున బురదరంగూ, లోతుకు పోయినకొద్దీ బూడిదకలిసిన ఆకుపచ్చా వేసి, పైన వార్నీషు పల్చగా పూత మీద పూత. తొమ్మిది పూతలు. ఒకటి ఆరకుండా ఇంకొకటి వేస్తే పాలలా తెల్లబడుతుంది. ఈ తేమలో ఒక్కొక్క పూత ఆరటానికి మూడు రోజులు పట్టింది.

తగాదా ఆ నది దగ్గరే వచ్చింది.

మా పెద్దక్కయ్యను ఇచ్చింది నదికి అవతల, సఖినేటిపల్లి వైపు. పోయిన సంక్రాంతికి వచ్చి, బల్లచుట్టూ తిరిగి, రేవుదగ్గర ఆగిపోయింది. బల్ల నది మధ్యలోనే అయిపోతుంది. “అంతా బాగానే ఉంది మరిదిగారూ, మా ఒడ్డేదీ?” అంది. చోటు లేదండీ వదినగారూ, అన్నారు బావగారు. “నా పెళ్ళయి యాభైరెండేళ్ళు. పుట్టింటికి రావాలంటే పంటు దాటటమే. ముసురు పట్టి పంటు కట్టేస్తే అవతలిగట్టున నిలబడి మీ ఊరి దీపాలు చూసుకుంటూ వెనక్కు పోయినదాన్ని. అక్కణ్ణించి చూస్తేనేగా మీ నరసాపురం!” అని కుర్చీలో కూర్చుంది. మరి రైలు చూడలేదు.

మనవడు అందుకున్నాడు. చోటు ఉంటే వంతెనే కట్టేద్దాం తాతయ్యా అని. వాడిమాట గాలిమాట కాదు. కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లో వేసిన రైలుమార్గం పట్టాలను రెండో ప్రపంచయుద్ధం కోసం 1940లో పీక్కుపోయారు. మళ్ళీ పట్టాలు పడి బండి నడిచింది 2004లో. దాన్ని కోనసీమ మీదుగా గౌతమి, వైనతేయ, వసిష్ఠ పాయలు దాటించి నరసాపురందాకా తేవాలని లోక్‌సభ స్పీకరు బాలయోగి గారి రోజుల నుంచీ ప్రయత్నం. ఆయన 2002లో పోయారు. ఇరవయ్యేళ్ళు దాటాక కూడా వంతెనల పనులు సాగుతూనే ఉన్నాయి. “రేపో మాపో వచ్చేదాన్ని మనం ముందే కడితే తప్పేమిటి?” అంటాడు వాడు.

తప్పే అంటారు బావగారు. ఈ పనిలో ఉన్న కఠినమైన నియమం ఒకటే. ఏదో ఒక సంవత్సరాన్ని ఎంచుకోవాలి. ఆయన ఎంచుకున్నది తన చిన్ననాటి పొగబండి సంక్రాంతి. ఆ ఏడు లేని వస్తువు బల్లమీద ఉండకూడదు. సెల్‌ఫోను స్తంభం లేదు, ప్లాస్టిక్ బిందె లేదు, రైలుతీగెలు లేవు. వంతెన పెడితే ఆ ఏడు చెదిరిపోతుంది. వాడు ఏడవలేదు గాని, రెండు రోజులు పక్కగదిలోకి పోలేదు. బండి మిల్లు వెనక ఆగిపోయి కూర్చుంది.

మూడోనాడు బావగారు వడ్రంగిని పిలిపించారు. వీధిగుమ్మం అవతల, కిటికీ కింద, మూడడుగుల బల్ల ఇంకొకటి పడింది. అది అవతలి ఒడ్డు. పైన కొబ్బరితోట, రేవు, చిన్న పాక. రెండు బల్లలకూ మధ్య గుమ్మం; మనుషులు నడిచేదారి. సంక్రాంతి మూడు రోజులూ ఆ దారికి అడ్డంగా వార్నీషు పూసిన పలక వేస్తారు. అదే నది. దానిమీద పంటు, పంటుమీద సైకిలు పట్టుకున్న మనిషీ, గంపలూ, ఓ మూల మూటతో కూర్చున్న ఆడమనిషీ. పండుగ మూడు రోజులూ ఇంట్లోవాళ్ళు పెరటిదారిన రావాలి.

ఆ ఆడమనిషికి మాత్రం బావగారు కళ్ళు పెట్టారు. నియమం తప్పినందుకు నేను దెప్పితే వినపడనట్టు ఊరుకున్నారు.

మొన్న దుమ్ము దులుపుతూ చూశాను. స్టేషను కొసన పట్టాలు ఆగిపోయేచోట, బల్ల అంచుకు రెండు బోల్టుల కంతలున్నాయి, నదివైపు. మక్కు పెట్టి మూసి పైన గడ్డి అంటించారు. పక్కనే పెన్సిలుతో, పిల్లవాడి దస్తూరీలో, ఒక గీతా, దానికింద కొలతా.