చెక్క కిర్రుమంటే ఏమని అర్థం?

మీరెప్పుడైనా వేసవి రాత్రి పాత మిద్దె ఇంట్లో పడుకున్నారా? దీపాలార్పి, అందరి మాటలూ సద్దుమణిగాక పైన దూలంలోంచి “టిక్”మని ఓ చప్పుడు వస్తుంది. మంచం మీద ఇటునుంచి అటు ఒత్తిగిలితే “కిర్రు”మంటుంది. ఎవరో మంచినీళ్ళకు లేచి తలుపు తీస్తే అదీ కిర్రుమంటుంది. పిరికివాళ్ళు దయ్యమంటారు. వడ్రంగి మాత్రం “చెక్క ఆరింది” అంటాడు. వడ్రంగి మాటే నిజం. ఆ రెండు మాటల వెనక ఎంత సైన్సు ఉందో చూద్దాం.

ముందు ఒక చలిదేశానికి వెళ్దాం. అక్కడ చాలా ఇళ్ళలో నేలకు చెక్క పలకలు పరుస్తారు. కొన్ని ఇళ్ళలో ఆ పలకల కింద సన్నని గొట్టాలు అమర్చి, వాటిలో గోరువెచ్చని నీళ్ళు పారిస్తారు. బయట మంచు కురుస్తున్నా కాళ్ళకు నేల వెచ్చగా తగులుతుంది. మే నెలలో 40 డిగ్రీలు దాటే ఎండల్లో మాడే ప్రొద్దుటూరు పిల్లలకు ఇది వింతగా తోచవచ్చు. “నేలను కూడా వేడి చేసుకుంటారా!” అని నవ్వుకోవచ్చు. కానీ చలికాలం ముదిరేకొద్దీ ఆ నేల అడుగడుగునా కిర్రుమంటుంది. మన మంచానికీ ఆ నేలకూ ఉన్న జబ్బు ఒకటే.

చెక్క అంటే చెట్టు ఒకప్పుడు నీళ్ళు తోడుకున్న సన్నని గొట్టాల కట్ట. చెట్టును కొట్టేసినా ఆ గొట్టాల గోడలు గాలిలోని తేమను పీల్చుకోవడం, వదలడం మానవు. తేమ చేరితే గోడలు ఉబ్బుతాయి. తేమ పోతే కుంచించుకుపోతాయి. ఈ మార్పు అంతా పలక అడ్డంలోనే. పొడవులో మార్పు దాదాపు లేదనే చెప్పాలి.

కాస్త లెక్క వేద్దాం. బాగా తడిసిన టేకు పలక పూర్తిగా ఆరితే దాని వెడల్పు నూటికి సుమారు 5 వంతులు తగ్గుతుంది. అలా ఆరడమంటే దానిలోని తేమ నూటికి 30 వంతుల నుంచి సున్నాకు రావడం. మరి తేమ 12 నుంచి 8 వంతులకు మాత్రమే తగ్గితే? 10 సెంటీమీటర్ల పలక అర మిల్లీమీటరు పైచిలుకు కుదించుకుంటుంది. ఇంతేనా అంటారేమో! అలాంటి పలకలు 30 పక్కపక్కన ఉన్న గదిలో మొత్తం తగ్గుదల సుమారు 2 సెంటీమీటర్లు.

వేడికి వస్తువులు వ్యాకోచిస్తాయని పాఠంలో చదివారుగా? చెక్కా వ్యాకోచిస్తుంది. కానీ 10 డిగ్రీల వేడి పెరిగితే ఆ పలక వెడల్పు పెరిగేది మిల్లీమీటరులో సుమారు 30వ వంతు మాత్రమే. అంటే వేడి పెంచేది గోరంత, ఆరడం తగ్గించేది కొండంత అన్నమాట.

చలిదేశంలో ఇల్లు వెచ్చబడితే చెక్క ఎందుకు ఆరుతుంది? 0 డిగ్రీల దగ్గర ఒక ఘనమీటరు గాలి 5 గ్రాములకు మించి నీటి ఆవిరిని మోయలేదు. అదే గాలి ఇంట్లోకి వచ్చి 20 డిగ్రీలకు వెచ్చబడితే 17 గ్రాముల దాకా మోయగలదు. మోస్తున్నది మాత్రం ఆ 5 గ్రాములే. అందుకే అది దాహంతో ఉన్నట్టే లెక్క. ఆ దాహం తీర్చుకోవడానికి చెక్కలోని తేమను లాగుతుంది. మన ఏప్రిల్ గాలి చేసేదీ ఇదే పని. వానాకాలంలో గాలికి దాహం తీరిపోతుంది. అప్పుడు చెక్క ఉబ్బి, మన తలుపు గడపను పట్టేసి మూసుకోనని మొండికేస్తుంది.

సరే, మరి చప్పుడు ఎక్కడిది? చెక్క ఆరేసరికి మేకు దగ్గర సందు ఏర్పడుతుంది. అడుగు వేయగానే పలక కిందికి దిగి మేకును రాసుకుంటుంది. ఆ రాపిడి ఏకధాటిగా సాగదు. ఓసారి అంటుకుంటుంది, ఓసారి జారుతుంది, మళ్ళీ అంటుకుంటుంది. ఇలా సెకనుకు వందలసార్లు జరిగితే పలక అదురుతుంది. ఆ అదురే మనకు వినిపించే కిర్రు. వయొలిన్ కమాను తీగను పలికించేదీ ఈ పద్ధతిలోనే. దూలం “టిక్”మనడం అంటే, పగలంతా కాగిన మిద్దె రాత్రి చల్లబడుతుండగా ఎక్కడో ఒక అతుకు ఒక్కసారి జారిందన్నమాట.

కారణం తెలిసింది గనుక మందు తేలిక. మంచం పట్టె కోడులో కూర్చునే చోట కొవ్వొత్తి రుద్దితే, అంటుకోవడం తగ్గి నోరు మూస్తుంది. మరీ వదులైతే సన్నని చెక్క చీలిక దిగ్గొట్టాలి. నేల పలకల సందుల్లో ముఖానికి రాసుకునే పౌడరు చల్లినా కొంతకాలం ఊరుకుంటుంది. మేకుకు బదులు మరమేకు బిగిస్తే పలక కదలదు. కానీ కింద నీళ్ళ గొట్టాలున్న నేలకు ఎక్కడపడితే అక్కడ మరమేకు దించితే గొట్టానికి చిల్లు పడుతుంది! ముందు గొట్టం దారి తెలుసుకోవాలి. అసలు మంచి వడ్రంగి పరచడానికి ముందే పలకలను కొన్నాళ్ళు ఆ గదిలోనే ఉంచి, గది గాలికి అలవాటు చేస్తాడు. గోడ పక్కన సందు వదులుతాడు. నేల పైభాగం వేడిని సాధారణంగా 27 డిగ్రీలు దాటనివ్వరు.

వేడి నేలకు చెక్కకన్నా మంచి వస్తువు ఉంది. అది మీ కాళ్ళ కిందే ఉంది! కొరియా దేశంలో వందల ఏళ్ళుగా పొయ్యి పొగను నేల కింది దారులగుండా పంపి, పైన పరిచిన రాతి బండలను వెచ్చబెట్టుకున్నారు. దాన్ని ఓండోల్ అంటారు. మన ఎర్రగుంట్ల, జమ్మలమడుగు ప్రాంతాల నాపరాళ్ళు, అంటే కడప బండలు, ఒకనాటి సముద్రం అడుగున పొరలు పొరలుగా పేరుకున్న సున్నపురాయి. రాయి చెక్కలాగా తేమకు ఉబ్బదు, కుంచించుకోదు. చెక్కకన్నా సుమారు పదిరెట్లు బాగా వేడిని ప్రసరింపజేస్తుంది. కొరియాలో కింది వేడిని కాళ్ళకు అందించేదీ, ఇక్కడ మన కాళ్ళ వేడిని లాగేసి చల్లగా అనిపించేదీ ఆ గుణమే.

ఇక అసలు సంగతి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు పల్లెల్లో పాత మట్టి మిద్దెలు ఇంకా ఉన్నాయి. దూలాల మీద దంతెలు, వాటిమీద బండలో కట్టెలో పరిచి, పైన మట్టి వేస్తారు. ఆపైన చవుడు మన్ను కప్పుతారు. దానిలోని సోడియం వల్ల మట్టి రేణువులు విడివడి సన్నని కంతలను పూడ్చేస్తాయి. నీరు దిగదు. అయితే చవుడు కొట్టుకుపోయాక నాలుగు రోజులు ముసురు పడితే మట్టి నీళ్ళు తాగుతుంది. 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు గల గది మీద 20 సెంటీమీటర్ల మట్టి ఉందనుకోండి. దాని ఘనపరిమాణంలో పదో వంతు నీరు చేరినా 240 కిలోల కొత్త బరువు! దాదాపు ఐదు సిమెంటు మూటలు దూలం నెత్తిన పెట్టినట్టు. ఆ దూలానికి లోపల చెదలు పట్టి ఉంటే?

కాబట్టి చప్పుళ్ళలో తేడా తెలియాలి. ఎండాకాలపు రాత్రి ఒంటరిగా వినిపించే “టిక్” సాధారణంగా భయపడవలసింది కాదు. వానలో ఆగకుండా వచ్చే కిర్రు, పటపట, వాటితోపాటు రాలే మట్టి, వంగిన దూలం, గోడలో కొత్త బీట, ఇవి కనిపిస్తే ఒక్క క్షణం ఆలోచించకండి. అందరినీ లేపి బయటికి రండి. కొవ్వొత్తితో నోరు మూయించవలసిన చప్పుడు వేరు, చెవి ఒగ్గి వినవలసిన చప్పుడు వేరు.

చివరగా మీకో పని. ఏప్రిల్‌లో మీ ఇంటి తలుపుకూ ద్వారబంధానికీ మధ్య సందులో నోటుపుస్తకం కాగితాలు ఎన్ని పడతాయో లెక్కపెట్టి రాసుకోండి. అక్టోబరులో అదే చోట మళ్ళీ లెక్కపెట్టండి. ఎన్ని కాగితాలు తగ్గితే మీ తలుపు అంత నీరు తాగిందన్నమాట!