మలయా సుల్తానులు – తెల్లవారి ఒప్పందాలు

మలయా అంటే మన పెద్దలకు గుర్తొచ్చేది రబ్బరు తోటలు, అక్కడికి కూలికి వెళ్ళిన కుటుంబాలు. ఆ తోటలకు ముందు అక్కడ సుల్తానుల రాజ్యాలుండేవి. అవి తెల్లవారి తుపాకులకు లొంగిపోయాయని ఒక్క మాటలో చెప్పేస్తుంటారు. చదివిన కొద్దీ నాకు అనిపించింది వేరు. తుపాకి కంటే ఒప్పంద పత్రమే ఎక్కువ నేలను మింగింది.

తుపాకి కథ మలక్కాది. మలయా ద్వీపకల్పానికీ సుమత్రాకూ మధ్య ఇరుకైన జలసంధి ఉంది. చైనా ఓడలు, మన తీరం నుంచి బట్టలు తీసుకెళ్ళే ఓడలు అక్కడ కలిసేవి. గాలి మళ్ళేదాకా ఆగక తప్పదు కాబట్టి రేవు కళకళలాడేది. ఆ సుంకాలే సుల్తాన్ ఖజానా. 1511లో పోర్చుగీసు సేనాని అల్బుకెర్క్ ఆ రేవును పట్టుకున్నాడు. పారిపోయిన సుల్తాన్ మహమూద్ షా వంశం జొహోర్‌లో నిలదొక్కుకుంది. తర్వాత వందేళ్ళకు పైగా పోర్చుగీసువారు, జొహోర్, సుమత్రాలోని అచే ఒకరితో ఒకరు తలపడ్డారు. చివరికి జొహోర్ డచ్చివారితో చేయి కలిపింది. 1641లో మలక్కా పడిపోయింది. పాత శత్రువు పోయాడు గానీ, రేవు మాత్రం డచ్చివారి పాలయింది.

ఇక కాగితాల కథ. కెడా సుల్తాన్ అబ్దుల్లాకు ఉత్తరాన ఉన్న సయాం అంటే భయం. పెనాంగ్ దీవి ఇస్తాను, శత్రువు వస్తే సైన్యం పంపండని ఈస్టిండియా కంపెనీని అడిగాడు. కంపెనీ తరఫున వచ్చిన ఫ్రాన్సిస్ లైట్, సైన్యం సంగతి తేలకుండానే 1786 ఆగస్టులో దీవిపై జెండా ఎగరేశాడు. హామీ ఎప్పటికీ రాలేదు. 1791లో దీవిని తిరిగి తీసుకోబోయి సుల్తాన్ ఓడిపోయాడు. ఏటా 6,000 స్పానిష్ డాలర్లకు ఒప్పుకున్నాడు. 1821లో సయాం నిజంగానే కెడా మీద పడింది. కంపెనీ కదలలేదు.

మా ఇంట్లో నాకు ముందు కాగితం చదివి సంతకం పెట్టినవాళ్ళు లేరు. అందుకేనేమో ఈ ఘట్టం దగ్గర చాలాసేపు ఆగాను. అయితే సుల్తాన్‌కు లేఖకులున్నారు, సలహాదారులున్నారు. లేనిది బలమే.

సింగపూర్‌లో ఎత్తు ఇంకొకటి. జొహోర్ గద్దె మీద డచ్చివారు తమ్ముణ్ణి ఒప్పుకుంటే, 1819లో రాఫిల్స్ అన్న హుస్సేన్‌ను సుల్తాన్‌గా గుర్తించి రేవుకు అనుమతి రాయించుకున్నాడు. 1824లో ఇంగ్లీషువారు, డచ్చివారు లండన్‌లో కూర్చుని ఆ రాజ్యాన్ని చెరిసగం చేసుకున్నారు.

పేరాక్ తగరపు గనుల రాజ్యం. గద్దె దక్కని రాజా అబ్దుల్లా ఇంగ్లీషువారి సాయం కోరాడు. 1874 జనవరి 20న పాంగ్‌కోర్ ఒప్పందంతో ఆయన సుల్తాన్ అయ్యాడు. బదులుగా ఒక రెసిడెంట్‌ను ఉంచుకోవాలి, మతం, ఆచారాలు తప్ప అన్నిటిలో ఆయన సలహా అడగాలి, ఆ ప్రకారమే నడవాలి. రెసిడెంట్ అన్న మాట మనకు కొత్త కాదు. కోఠీ మహిళా కళాశాల పాత భవనం నిజాం దగ్గరి రెసిడెంట్ ఉన్న బంగళాయే కదా!

రెసిడెంట్ బర్చ్ పన్నుల వసూలు తన చేతిలోకి తీసుకున్నాడు. అప్పు తీర్చలేక బానిసలైనవారు పారిపోయి వస్తే ఆశ్రయమిచ్చాడు. ఇది రాజుకూ సర్దారులకూ కంటగింపయింది. వెట్టి గురించి విన్న మనం ఈ విషయంలో సుల్తాన్ పక్షాన నిలబడలేం. సుల్తానులందరినీ దేశభక్తులని రాసే పుస్తకాలు ఈ సంగతిని తేలిగ్గా దాటేస్తాయి. అలాగని బర్చ్ వచ్చింది బానిసల కోసమనీ కాదు, తగరం కోసం.

1875 నవంబరు 2న పసీర్ సలాక్ దగ్గర నదిలో స్నానానికి దిగిన బర్చ్‌ను చంపేశారు. మహారాజా లేలా అనే సర్దారును 1877లో ఉరితీశారు. అబ్దుల్లాను హిందూ మహాసముద్రంలోని సీషెల్స్ దీవులకు పంపేశారు. ఆ తర్వాత పేరాక్‌లో తోటలు విస్తరించాయి. బగాన్ దాతో కొబ్బరి తోటలకు తెలుగువాళ్ళు వెళ్ళింది ఆ పాలనలోనే.

సుల్తానుల గద్దెలను మాత్రం ఇంగ్లీషువారు తీసెయ్యలేదు. మలేసియాలో ఇప్పటికీ 9 మంది వంశపారంపర్య పాలకులున్నారు. అయిదేళ్ళకోసారి వాళ్ళే తమలో ఒకరిని దేశానికి రాజుగా ఎన్నుకుంటారు.