ప్రాచీన గ్రంథము వయస్సు నెట్లు కనుగొందురు?

లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో, హార్లే సంగ్రహమునందు 5598 సంఖ్య గల గ్రీకు పుస్తకమొకటి కలదు. దానిని కాగితముపై గాక, శుభ్రపరచి పలుచగా చేసిన పశుచర్మముపై చేతితో వ్రాసిరి. అందు సువార్తలు మొదటినుండి చివరివరకు వరుసగా నుండవు. ఈస్టరు పండుగ మొదలుకొని, చర్చిలో ఏ దినమున ఏ భాగమును చదువవలెనో ఆ క్రమములో నుండును.

ఇట్టి పుస్తకము ఏ కాలమునాటిదో ఎట్లు తెలియును?

పండితులు అక్షరముల రూపమును పరిశీలింతురు. పూర్వపు గ్రీకు లేఖకులు పుస్తకములలో పెద్ద అక్షరములను విడివిడిగా వ్రాసెడివారు. 9వ శతాబ్దమునుండి చిన్న అక్షరములను కలిపి వ్రాయు గొలుసుకట్టు లిపి వ్యాపించెను. దీనివలన చర్మమును, శ్రమయు కలిసివచ్చెను. ఈ లిపిలో తేదీ గల సువార్త గ్రంథములలో మిక్కిలి ప్రాచీనమైనది రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరమున నున్నది. దాని లేఖకుడు మే 7వ తేదీ, 6343వ సంవత్సరము, చక్రములో 13వ ఏడు అని వ్రాసెను. ఆనాటి బైజాంటియమువారు సృష్టి మొదలుకొని సంవత్సరములను లెక్కించిరి. మే నెల తేదీకి 5508 తీసివేసినచో క్రీ.శ. 835 వచ్చును. 6343ను 15చే భాగించిన శేషము 13. పదునైదేండ్ల చక్రపు లెక్కయు సరిపోయినది గనుక తేదీ నమ్మదగినది. మన శాసనములలో శకవర్షమును ప్రభవాది సంవత్సర నామముతో సరిచూచుటయు ఇట్టిదే.

హార్లే పుస్తకములోనివి పాత పద్ధతి పెద్ద అక్షరములు. లిపిని మాత్రమే చూచినవారు అది 835కు పూర్వముదని తలచుట సహజము. కాని దానిని వ్రాసిన కాన్‌స్టంటైన్ అను మతగురువు వేసిన తేదీ క్రీ.శ. 995 మే 27. అనగా నూట అరువది యేండ్ల తరువాతిది!

పాత లిపి యెందుకు నిలిచినది? ఇది ఒంటరిగా చదువుకొను పుస్తకము కాదు. సభలో నిలిచి, బిగ్గరగా, రాగయుక్తముగా చదువవలసినది. పెద్ద అక్షరములు దూరమునుండియు కనిపించును. ఆరాధనా గ్రంథములలో పాత పద్ధతిని గౌరవముతో నిలుపుకొనుట కూడ సామాన్యము.

తేదీ లేని గ్రంథములు అనేకము గలవు. వాని వయస్సును తేదీ గలవానితో పోల్చియే నిర్ణయింతురు. ఆ పోలికలో లిపి యెట్టిదో చూచిన చాలదు. పుస్తకము ఏ పనికై పుట్టినదో కూడ చూడవలెను. 995 మే నెల ఆ చక్రములో ఎన్నవ ఏడో విద్యార్థులు లెక్కించి చూతురు గాక.