తాకకుండా కొలిస్తే తప్పు రాదా?

ఢిల్లీ చుట్టుపక్కల ఫరీదాబాద్, మానేసర్‌లలో విడిభాగాలు తయారయ్యే చోట ఇప్పుడు మైక్రోమీటరు పక్కనే లేజర్ స్కానరూ, కెమెరాతో కొలిచే యంత్రమూ కనిపిస్తాయి. వాటి వెంట కొన్ని నమ్మకాలూ వచ్చి చేరాయి.

అపోహ: వస్తువును తాకకపోతే పొరపాటుకు తావే లేదు.

వాస్తవం: పోయేది తాకడం వల్ల వచ్చే పొరపాటు ఒక్కటే. రబ్బరు సీలును మైక్రోమీటరులో బిగిస్తే నొక్కుకుపోతుంది, కాంతి నొక్కదు. అంతవరకు నిజం. మరి ఢిల్లీ ఎండల సంగతి? పారిశ్రామిక కొలతలకు ప్రపంచమంతా ఒప్పుకున్న ఉష్ణోగ్రత 20 డిగ్రీలు. మీటరు పొడవున్న ఉక్కు కడ్డీ ఒక్కో డిగ్రీకి దాదాపు 11.5 మైక్రాన్లు సాగుతుంది. జనవరి పొద్దున 10 డిగ్రీల చలిలో ఒకసారి, మే మధ్యాహ్నం 40 డిగ్రీల షెడ్డులో ఇంకోసారి ఆ కడ్డీని కొలిచి చూడండి. తేడా 345 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో మూడో వంతు పైమాటే. లేజరు రెండుసార్లూ నిజమే చెప్పింది, మారింది కడ్డీ. ఆ మాటకొస్తే లేజరూ పూర్తిగా నిలకడైనది కాదు. గాలి వేడెక్కితే అందులో కాంతి తరంగదైర్ఘ్యం మారి, డిగ్రీకి మీటరుకు దాదాపు ఒక మైక్రాను చొప్పున లెక్క తప్పుతుంది. కాంతి తరంగాలతో దూరం కొలిచే మంచి ఇంటర్‌ఫెరోమీటరు పక్కన గాలి ఉష్ణోగ్రత, పీడనం, తేమ చూసే సెన్సర్లు ఉండేది ఇందుకే.

అపోహ: అసలైన మీటరు పారిస్‌లో దాచిన లోహపు కడ్డీ.

వాస్తవం: 1960లోనే ఆ కడ్డీకి పదవీ విరమణ అయింది. 1983 నుంచి మీటరంటే శూన్యంలో కాంతి సెకనులో 29,97,92,458వ వంతు కాలంలో పోయే దూరం. మన దేశంలో ఆ మీటరుకు కాపలాదారు ఢిల్లీలోని పూసాలో ఉంది. 1950లో ప్రారంభమైన నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ అది. అక్కడ అయోడిన్‌తో స్థిరపరిచిన హీలియం–నియాన్ లేజరు ఎర్రటి కాంతే కొలబద్ద. దాని తరంగదైర్ఘ్యం 633 నానోమీటర్లు. ఇంటర్‌ఫెరోమీటరులో అద్దం అందులో సగం, అంటే దాదాపు 316 నానోమీటర్లు జరిగితే చాలు, కాంతి తరంగాలు కలిసి ఏర్పరిచే వ్యతికరణ పట్టీ ఒకటి దాటుతుంది. వెంట్రుక మందంలో అది సుమారు 200వ వంతు!

అపోహ: తెరమీద దశాంశం తర్వాత నాలుగంకెలు కనిపిస్తే అంత కచ్చితంగా కొలిచినట్టే.

వాస్తవం: అది యంత్రం చూపగలిగిన అంకె, నమ్మదగిన అంకె కాదు. నమ్మకం కాలిబ్రేషన్ పత్రంలో రాసిన అనిశ్చితిని బట్టి ఉంటుంది. ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే గురుగ్రామ్‌లోని ఎన్‌ఏబీఎల్ సంస్థ గుర్తించిన ల్యాబ్ ఇచ్చిన పత్రమేనా, గడువు దాటిందా అన్నది ముందు చూడాలి.

అపోహ: లేజరుకు కనిపించని వస్తువు ఉండదు.

వాస్తవం: అద్దంలా మెరిసే క్రోమ్ ముక్క పెట్టి చూడండి. వెలుగంతా ఒకే వైపు తిరిగిపోయి, కెమెరాకు అందేది కొన్నిచోట్ల శూన్యం, కొన్నిచోట్ల కళ్లు చెదిరే మెరుపు. అందుకే స్కానింగ్‌కు ముందు తెల్లటి పొడి చల్లుతారు. ఆ పొర మందం కూడా కొలతలో కలుస్తుందని చాలామంది మరిచిపోతారు. లోతైన రంధ్రం అడుగున లోపలి అంచుల కోసం ఇప్పటికీ తాకి కొలిచే, కెంపు గుండున్న ప్రోబే శరణ్యం.

అపోహ: ఇదంతా నిన్నమొన్నటి విద్య.

వాస్తవం: లేజరు రాకముందే టూల్‌రూముల్లో ప్రొఫైల్ ప్రొజెక్టర్ ఉంది. వస్తువు నీడను పెద్దది చేసి తెరమీద కొలిచేవారు. ఇంకా వెనక్కి వెళ్తే, కన్నాట్ ప్లేస్ దగ్గరి జంతర్ మంతర్‌లో సవాయి జైసింగ్ 18వ శతాబ్దంలో కట్టించిన సామ్రాట్ యంత్రం నీడతోనే కాలం కొలిచింది. సూర్యుడు చుక్క కాదు, అర డిగ్రీ వెడల్పున్న బింబం. కాబట్టి నీడ అంచు మసకబారుతుంది. అంచు ఎక్కడుందో తేల్చుకునే ఈ తంటా నేటి కెమెరా యంత్రాలకూ తప్పలేదు. వెనకనుంచి పడే దీపం వెలుగు కాస్త పెరిగినా, ఫోకస్ చెదిరినా అంచు జరుగుతుంది.

యంత్రం కొనబోతున్నారా? అమ్మేవాళ్లు తెచ్చిన నమూనా మీద డెమో చూడకండి. మీ దగ్గర అన్నింటికన్నా ఎక్కువ మెరిసే ముక్కను, మే నెలలో, మీ షెడ్డులోనే కొలిపించండి.