దారిలో వినవచ్చిన చప్పుడు

గడచిన చలికాలమున నొక శనివారము ఉదయమున, ఎనిమిదవ తరగతి చదువుచున్న మా మేనల్లుని వెనుక కూర్చుండబెట్టుకొని నల్లకుంట నుండి స్కూటరుపై భువనగిరికి బయలుదేరితిని. చాళుక్యరాజగు త్రిభువనమల్ల విక్రమాదిత్యుని పేరుతో ముడిపడిన ఆ కోట ఒక్క బండరాతిపై నిలిచియున్నది. దానిని చూపుదునని వానికి దసరా సెలవులలోనే మాట యిచ్చియుంటిని.

ఉప్పలు దాటి నారపల్లి సమీపించునప్పటికి బండి వెనుకభాగమున "టప్, టప్" మని యేదో కొట్టుకొనుచున్నట్లు వినవచ్చెను. నేను చేసిన మొదటి పని తెలివిమాలిన పని. వేగము హెచ్చించితిని. చప్పుడు మాయమయ్యెను. రోగము కుదిరినదని సంతసించి పోచారము వరకు పోయితిని. అచ్చట గేదెలు అడ్డము వచ్చుటచే వేగము తగ్గింపవలసి వచ్చినది. "మామా, ఆ చప్పుడు మరల వచ్చినది" అని కుర్రవాడు చెప్పెను. ఘటకేసరు చేరి చెట్టునీడన బండి నిలిపితిని.

చదువరులలో పలువురి యిండ్లలో గేరులు లేని స్కూటరు ఉండును గాని, దాని లోపల నేమున్నదో చూచినవారు తక్కువ. మన దేశమున ఈ విధమైన బండిని 1984లో కైనటిక్ హోండా ప్రచారములోనికి తెచ్చినది. యంత్రపుశక్తి చక్రమునకు పోవుటకు ఇందు గొలుసు లేదు. రెండు కప్పీల నడుమ తిరుగు రబ్బరు బెల్టు గలదు. ముందు కప్పీలో చిన్న రోలర్లుండును. యంత్రము వడిగా తిరిగినకొలది అవి వెలుపలికి జరిగి కప్పీ రెండు చెక్కలను దగ్గరకు నెట్టును. అంతట బెల్టు ఆ కప్పీపై పైకెక్కును, వెనుక కప్పీలో స్ప్రింగును అణచుకొని లోనికి దిగును. మనము గేరు మార్చకయే గేరు మారుట యనగా నిదియే. వెనుక కప్పీకి చేరి యొక క్లచ్చి, దాని తరువాత నూనెలో మునిగిన పండ్లచక్రములు, వాని తరువాత బండిచక్రము.

కెనడాలో మంచుపై నడచు స్నోమొబైలు బండ్లకును ఇట్టి బెల్టే ఆధారము. జోసెఫ్ ఆర్మండ్ బొంబార్డియరను నాతడు 1959లో స్కీడూ అను చిన్న మంచుబండిని అమ్మకమునకు తెచ్చెను. జనసంచారము లేని మంచుబయలులో బెల్టు తెగినచో చలికి ప్రాణాపాయము గనుక అచ్చటివారు మారుబెల్టు వెంట నుంచుకొందురు. మాకు చలిభయము లేదు గాని వరంగల్లు రహదారిపై వెనుక లారీలు వచ్చుచుండెను. బెల్టు తెగినయెడల యంత్రము అరచునే గాని చక్రము కదలదు. తెగిన ముక్కలు కప్పీలో ఇరుకుకొన్నచో చక్రము పట్టివేయుటయు గలదు. కావున ముందుకు పోవుటయా, మానుటయా యని తేల్చుకొనక తప్పలేదు.

అచ్చట చేరినవారిలో ఒకరు సైలెన్సరు వదులైనదనిరి, మరియొకరు బేరింగు పోయినదనిరి. (మన ఊళ్లలో బండి నిలిచిన నిమిషములో వైద్యులు కూడుదురు.) సెంటరు స్టాండు వేసి మేమే పరీక్ష మొదలిడితిమి. యంత్రమును నిలిపిన చోటనే మెల్లగా తిరుగనిచ్చితిమి, చప్పుడు లేదు. కావున ప్రధానయంత్రము బాగుగనే యున్నది. యంత్రమాపి వెనుకచక్రమును చేతితో త్రిప్పితిమి. అట్లు త్రిప్పినపుడు పండ్లచక్రములు తిరుగును గాని క్లచ్చి విడిపోయి యుండుటచే బెల్టు తిరుగదు. అప్పుడును నిశ్శబ్దమే. బేరింగు గాని బ్రేకు గాని చెడియున్నచో గరగరమని తెలియవలసినదే.

మిగిలినది నడిమి భాగము. నా జేబులో సుద్దముక్క యొకటి యుండెను; ఉపాధ్యాయుని జేబులో ఉండక యెట్లు? దానితో టైరుపై గీత గీసి, యంత్రమును నడిపి, చక్రము మిక్కిలి మెల్లగా తిరుగునట్లు ఏక్సిలేటరు పట్టితిని. కుర్రవానిని దూరముగా నిలిపి, గీత ఒకమారు చుట్టి వచ్చులోపల ఎన్ని దెబ్బలో లెక్కింపుమంటిని. తిరుగు చక్రము దరికి చేయి గాని బట్టకొంగు గాని పోరాదు. వాడు మూడుమారులు లెక్కించి, "నాలుగు, ఒక్కొక్కప్పుడు అయిదు" అనెను.

ఆ లెక్కయే సమస్తము చెప్పినది. దెబ్బ చక్రములోనిదైనచో చుట్టునకు ఒకటి పడవలెను. యంత్రపు ఇరుసులోనిదైనచో, అంత మెల్లని నడకలో చక్రము ఒకమారు తిరుగులోపల అది ఇరువదికి పైగా తిరుగును గనుక, ఇరువదికి మించి పడవలెను. నాలుగైదుమారులు చుట్టి వచ్చునది బెల్టొక్కటే. వేగమున చప్పుడు మాయమగుటకు కారణమును అప్పుడే తెలిసినది. గంటకు నలువది కిలోమీటరుల వేగమున బెల్టు సెకనుకు ఇరువదిమారులకు పైగా చుట్టును; అంత త్వరగా పడు దెబ్బలను మన చెవి విడివిడిగా పట్టజాలదు, అవి కలిసి యొక రొదయై యంత్రపు ధ్వనిలో లీనమగును. చప్పుడు పోలేదు, నా చెవికి అందలేదు.

అన్ని చప్పుళ్లును బెల్టువే యనుకొనరాదు. బండి నిలిచియున్నపుడు గలగలమని, కదలగనే అణగునది తరచుగా అరిగిన రోలర్లది. బయలుదేరునపుడు కీచుమనునది క్లచ్చిది. వేగముతో పాటు హెచ్చు సన్నని ఊళ బేరింగుదో, నూనె తగ్గిన పండ్లచక్రములదో కావచ్చును.

క్లచ్చి విడియుండుటచే బండి నెట్టుట కష్టము కాలేదు. అర కిలోమీటరు నడచి యొక మరమ్మతుకొట్టునకు చేరితిమి. మేస్త్రీ ఎడమప్రక్క మూత విప్పగా, బెల్టు అంచున దారపుపోగు జానెడు పొడవున లేచి మూతను కొట్టుచుండెను. మూత లోపలివైపున ఆ దెబ్బల గీత అద్దమువలె మెరయుచున్నది. లోపలి పండ్ల నడుమ పగుళ్లు కనబడెను. "ఇంకెంతదూరము వచ్చునయ్యా?" అని అడిగితిని. అతడు బదులు చెప్పక బెల్టును వెనుకకు వంచి చూపెను; పగుళ్లు నోళ్లు తెరచినవి. మార్చవలసిన గడువు పుస్తకములో వ్రాసియే యున్నది. అది దాటి ఏడాదియైనది, తప్పు నాదే.

కొత్తబెల్టు వేయించునప్పటికి మధ్యాహ్నమయ్యెను. ఎండలో బండరాయి యెక్కుట తగదని నల్లకుంటకు తిరిగివచ్చితిమి. కుర్రవాడు దారిపొడుగునను అలిగి మాటలాడలేదు గాని, పాతబెల్టును మాత్రము అడిగి తీసికొని తన గదిలో మేకునకు తగిలించుకొన్నాడు. భువనగిరి కోటను మరుసటి నెలలో ఎక్కితిమి. ఆనాడు బండి సీటుక్రింద మారుబెల్టొకటి యుంచితిని. అమ్మిన అంగడివాడు, "సారూ, హిమాలయములకు పోవుచున్నారా?" అని నవ్వినాడు.