బెత్తెడా, జానెడా, మూరెడా?

రండర్రా, అరుగు మీద చోటుంది. ఆ జంతికల పళ్లెం ఇటు జరపండి, చెప్తాను.

మొన్న పండక్కి మా పెద్ద మనవడు కొత్త కెమెరా మెళ్లో వేసుకుని దిగాడు. దిగిన దగ్గర్నుంచీ ఒకటే గొడవ. "తాతయ్యా, మాక్రో లెన్స్ కొనాలండి. అరవై మిల్లీమీటర్లది తీసుకోమంటారా, వందదా, నూట ఎనభైదా?" అని. "ముందు దేన్ని తీస్తావో చెప్పరా" అన్నాను. చెయ్యి పట్టుకుని పెరట్లో కరివేపాకు చెట్టు దగ్గరికి లాక్కెళ్లాడు.

లేత ఆకు మీద ఆవగింజంత పసుప్పచ్చ గుడ్డు. పక్క ఆకు మీద పిట్ట రెట్ట. రెట్ట కాదర్రా, పురుగు! నల్ల రెక్కల మీద తెల్ల చుక్కలుండే సీతాకోకచిలుక మన వాకిట్లో తిరుగుతుంది చూశారూ, దాని పిల్ల. పిట్టలు చూసి ఛీ అనుకుని పోతాయని చిన్నప్పుడు ఆ వేషం. కాస్త ఎదిగాక ఆకు రంగులోకి మారిపోతుంది.

మామూలు లెన్స్ దీన్ని చూడలేదా అంటే, దానిదీ నా కళ్ల జబ్బే. పేపరు దూరంగా పెడితే చదువుతాను, ముక్కు దగ్గర పెడితే అక్షరాలు అలుక్కుపోతాయి. మాక్రో లెన్స్ దగ్గరి వస్తువు కోసమే పుట్టింది. ఒకటికి ఒకటి అంటారు చూడండి, అంటే వస్తువు ఎంతుందో కెమెరా లోపలి సెన్సర్ మీద బొమ్మా అంతే పడుతుంది. పెద్ద సెన్సర్ వెడల్పు 36 మిల్లీమీటర్లు. బియ్యపుగింజ ఆరు మిల్లీమీటర్లనుకోండి, ఆరు గింజలు వరసగా పేరిస్తే ఫొటో నిండిపోతుంది. చిన్న సెన్సర్ కెమెరాకైతే నాలుగు గింజలు చాలు.

ఇక్కడే ఉంది తమాషా. అరవై, వంద, నూట ఎనభై, ఈ మాక్రోలన్నీ మామూలుగా ఆ ఒకటికి ఒకటి దాకానే వెళ్తాయి. అంకె పెరిగితే పురుగు పెద్దదవుతుందనుకున్నాడు మావాడు. పెరిగేది దూరం! నిండా దగ్గరికెళ్తే అరవైకి లెన్స్ మూతికీ పురుగుకీ మధ్య బెత్తెడు మిగులుతుంది. వందకి దానికి ఒకటిన్నర రెట్లు. నూట ఎనభైకి జానెడు. మామిడికాయ కోసే దోటి లాంటిదన్నమాట. కాయ అదే, కర్ర పొడుగే వేరు.

దూరం అంత ముఖ్యమా అంటారా? 1670ల్లో హాలండులో లీవెన్‌హుక్ అని ఒక బట్టల వర్తకుడుండేవాడు. చిన్న గాజుపూసలాంటి కటకం సానబట్టి, దానికి కన్ను ఆనించి చెరువు నీటి చుక్కలో ఈదే ప్రాణుల్ని చూశాడు. ఆయనకి చెల్లింది. నీటి చుక్క ఎగిరిపోదు కదా! తూనీగ ఎగిరిపోతుంది.

ఇంకో రెండు చిక్కులున్నాయి. గరిటెడు పిండితో దోసె వేసి, అదే పిండిని రెట్టింపు వెడల్పుకి లాగండి. నాలుగో వంతు మందమే ఉంటుంది. ఒకటికి ఒకటి దాకా వెళ్తే వెలుతురూ అలాగే పలచబడి పావు వంతవుతుంది. అందుకే ఫ్లాష్ ముందు పల్చటి తెల్లగుడ్డ కట్టుకుని తిరుగుతారు ఈ ఫొటోలవాళ్లు. రెండోది, బొమ్మలో స్పష్టంగా కనబడే మందం. అది ఆత్రేయపురం పూతరేకేననుకోండి. ఎపర్చర్, అంటే లెన్స్‌లో వెలుతురు వచ్చే కన్నం, ఎనిమిది దగ్గర పెడితే మిల్లీమీటరు కూడా రాదు. పురుగు కన్ను తేటగా వస్తే కాలు మసక. పోనీ, ఆ కన్నం బాగా మూసేస్తే? ధవళేశ్వరంలో కాటన్ దొర 1852కి ఆనకట్ట పూర్తి చేయించాడు కదా, ఆ కాలవల తూముల దగ్గర గమనించండి. సన్నటి సందులోంచి వచ్చిన అల విసనకర్రలా విచ్చుకుంటుంది. వెలుతురూ అంతే, బొమ్మంతా కాస్త మెత్తబడుతుంది. ఏదైనా మితంగానే.

ఇవన్నీ విని మావాడు నీరసపడ్డాడు. "ఇప్పుడే కొనకురా. మూడు రోజులు ఏది నిన్ను ఎంత దగ్గరికి రానిస్తుందో కొలుచుకురా" అని పంపాను. లెక్క రాసుకొచ్చాడు. పురుగు: బెత్తెడు దూరంలో మొహం పెట్టినా నమలడం ఆపలేదు. సీతాకోకచిలుక: పొద్దున్నే మంచుకి తడిసి ఉంటే జానెడు, ఎండెక్కితే మూరెడు. కాలవగట్టు తూనీగ: మూరెడులోపు తుర్రు. కడియం నర్సరీల్లో పూలు: గాలి లేకపోతే ఎంతైనా.

వాడి కాగితం మీదే జవాబుంది చూశారా? పూలకీ పురుగులకీ అరవై. సీతాకోకచిలుకలూ తూనీగలూ పురుగంత చిన్నవి కావు, నిండా దగ్గరికెళ్లక్కర్లేదు. సీతాకోకచిలుకల వెంట పడేవాడికి వంద. తూనీగలే ప్రాణమైతే నూట ఎనభై, దాన్ని మోసే భుజం కూడా ఉండాలి మరి. వాడి మనసు పురుగు మీదుంది కాబట్టి ప్రస్తుతానికి గొట్టంతో సరిపెట్టాం. కెమెరాకీ లెన్స్‌కీ మధ్య పెట్టే వట్టి ఉంగరమది, లోపల గాజు ముక్క కూడా ఉండదు. వాడి దగ్గరున్న యాభై లెన్స్‌కి ఇరవై అయిదు మిల్లీమీటర్ల గొట్టం తగిలిస్తే సగం సైజు బొమ్మ వచ్చేస్తుంది.

నిన్న మీ మామ్మ చారులోకి కరివేపాకు కోయబోతే "ఆ కొమ్మ ముట్టుకోకండి మామ్మా" అని చెయ్యి అడ్డం పెట్టాడు. నిన్నటి నుంచీ మాకు కరివేపాకు ఎదురింటి నుంచే వస్తోంది.